ఓబులమ్మ అంకె తొంభై ఏడు

గడియార స్తంభం దగ్గరి హోటల్లో ఆ ఆదివారం పొద్దున ఏ దోసె అడిగినా దాని మీద కారప్పొడితో 97 అని రాసి ఇస్తున్నారు. రాసేది పెనం పక్కన బిగించిన యంత్రపు చెయ్యి. ఇడ్లీ అడిగినవాళ్లకు చట్నీ గిన్నె మీద అదే అంకె. పక్క వీధి మంగలి షాపులో కుర్రాళ్లు మెడ వెనక జుట్టులో 97 చెక్కించుకోవడానికి వరసగా నిలబడ్డారు. 2074లో ఆ అంకె ఎవరిదని అనంతపురంలో అడగాల్సిన పని లేదు.

అది ఓబులమ్మది. పంతొమ్మిదేళ్ల పిల్ల, కదిరి దగ్గరి పల్లె. ఫుట్‌బాల్ ఆడుతుంది. మూడు నెలల కిందట జపాన్‌లోని కోబె నగరం నుంచి నామి అనే జట్టువాళ్లు వచ్చి ఆమెను తీసుకెళ్లారు. ఇంతవరకూ ఒక్క మ్యాచ్‌లోనూ దించలేదు. ఈరోజు దించుతారు. అక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు ఆట మొదలు, ఇక్కడ పదిన్నరకు.

పది కొట్టేసరికి ఊరి మైదానమంతా చాపలు పరుచుకుని జనం వెల్లకిలా పడుకున్నారు. పైన కప్పిన నీడతెర ఎండను పీల్చుకుని, ఆ ఎండ శక్తితోనే అడుగువైపు బొమ్మ చూపిస్తుంది. అందుకని ఈ ఊళ్లో ఏ ఆటనైనా పడుకునే చూస్తారు. ముసలివాళ్లు తలగడలు కూడా తెచ్చుకున్నారు. మరమరాల మసాలా పొట్లాలు చాప నుంచి చాపకు చేతులు మారుతున్నాయి. ఓబులమ్మ ఎన్ని గోల్స్ వేస్తుందన్న వాదన ఒక చోట మొదలై మైదానం అవతలి చివరకు పాకింది.

డాక్టర్ కాత్యాయని మాత్రం పడుకోలేదు. గోల్‌పోస్టు వెనక, ముందువైపు తెరిచి ఉన్న చిన్న గుడారంలో తన యంత్రం ముందు నిటారుగా కూర్చుంది. ఓబులమ్మకు ఆ అంకె ఇచ్చింది ఆ యంత్రమే.

దాని పేరు భావిమాపకం. శిక్షణ హాస్టల్ పిల్లలు మాత్రం జోస్యం డబ్బా అంటారు. ఆ మాట వింటే కాత్యాయనికి ఒళ్లు మండుతుంది. జోస్యానికి ఆధారాలు అక్కర్లేదు, భావిమాపకానికి కావాలి. ఆటగత్తె నలభై రోజులు నాడీచొక్కా వేసుకుని సాధన చెయ్యాలి. అందులో వెంట్రుక కన్నా సన్నని సెన్సర్ దారాలు వందల కొద్దీ ఉంటాయి. అడుగు బరువు, ఊపిరి వేగం, గుండె లయ, అలసట ఎప్పుడు మొదలైంది, బంతి వచ్చేలోపు ఒళ్లు ఎటు తిరిగింది, అన్నీ అవి పట్టుకుంటాయి. వాటితో యంత్రం ఆ మనిషికి ఒక ప్రతిరూపాన్ని, అంటే డిజిటల్ ట్విన్‌ను తయారుచేస్తుంది. ఆ ప్రతిరూపాన్ని పరాయి దేశంలో పదివేల సీజన్లు ఆడిస్తుంది. చలి, వాన, నోటికి పట్టని తిండి, అర్థంకాని భాష, ఎగతాళి చేసే ప్రేక్షకులు, అన్నీ పెడుతుంది. నూటికి ఎన్ని సీజన్లలో ఆ పిల్ల తట్టుకుని నిలబడిందో అదే ఆమె నిలకడ అంకె.

అంకెలు బహిరంగంగా ప్రకటిస్తారు. ప్రపంచంలో ఏ జట్టయినా ముందు అంకె చూస్తుంది, తర్వాతే ఆట చూస్తుంది. పదకొండేళ్లలో భావిమాపకం చెప్పినవాటిలో నూటికి తొంభై ఆరు నిజమయ్యాయి. తొంభై దాటినవాళ్లు ఆసియా మొత్తంలో నలుగురే. తొంభై ఏడు ఓబులమ్మ ఒక్కదానికే వచ్చింది. అందులోనూ ఒక విశేషం ఉంది. ఆట చివరి అరగంటలో అందరి వేగమూ తగ్గుతుంది, ఈమెది తగ్గదని యంత్రం చెప్పింది. నామి జట్టు కోచ్ మోరి ఆ ఒక్క మాట పట్టుకునే ఇంత దూరం వచ్చింది. ఈరోజు అరవై అయిదో నిమిషంలో ఓబులమ్మను దించుతానని వారం ముందే పత్రికలకు చెప్పింది.

గుడారంలో కాత్యాయనికి తోడుగా గంగమ్మ ఉంది. ఓబులమ్మ ఈడుదే, హాస్టల్లో పక్క మంచం. కిందటేడు ఆమెకూ నిలకడ అంకె తీశారు. ముప్పై ఎనిమిది వచ్చింది. ముప్పై ఎనిమిదిని ఏ జట్టూ పిలవదు. ఊరికి తిరిగిపోవడం ఇష్టంలేక ఇక్కడే ఉండి నాడీచొక్కాలు ఉతికి ఆరేసి, వాటి దారాలు తెగాయేమో చూసే పనిలో కుదిరింది. పని శుభ్రంగా చేస్తుంది. చొక్కా మడతపెడితే అంచు అంచుకు తగలాల్సిందే. అందుకే కాత్యాయనికి ఆమె అంటే ఇష్టం.

మొదటి సగం ఒకటీ ఒకటిగా ముగిసింది. రెండో సగం పదిహేను నిమిషాలు గడిచాక తెర మీద ఓబులమ్మ కనిపించింది. గీత బయట నీలం చొక్కాలో ఒళ్లు వేడెక్కించుకుంటోంది. మైదానం మొత్తం లేచి కూర్చుంది. వెయ్యి చాపల మీంచి ఒక్కసారిగా లేచిన ఆ చప్పుడుకు గుడారం గుడ్డ ఊగింది. కాత్యాయని అలవాటు కొద్దీ చుట్టూ ఒకసారి చూసింది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. గంగమ్మ మొహం ఒక్కటే వెలగలేదు. ఆమె స్నేహితురాలి మొహం చూడటం లేదు. కాళ్లు చూస్తోంది.

ఏమైందని కాత్యాయని అడిగింది. ఏమీ లేదంది గంగమ్మ. రెండోసారి అడిగితే తల దించుకుంది. మూడోసారి కాత్యాయని అడగలేదు, ఊరికే చూస్తూ ఉంది.

"చివర్లో దాన్ని పరిగెత్తించొద్దని చెప్పు మేడం," అంది గంగమ్మ. "దానికి అంత ఊపిరి లేదు. ఆ పరుగు నాది."

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చింది. హాస్టల్లో వంతు తీర్చడమని ఒక పద్ధతి ఉంది. ఒక పిల్లకు కడుపునొప్పో జ్వరమో వస్తే, ఇంకో పిల్ల ఆమె నాడీచొక్కా వేసుకుని ఆమె చుట్లు పరిగెత్తేస్తుంది. నలభై రోజుల్లో మూడు రోజులు సాధన తప్పితే కోచ్ మస్తాన్‌వలి సార్ పేరు కొట్టేస్తారు. ఎండకు అందరూ తలకు తువాలు చుట్టుకుంటారు కాబట్టి దూరం నుంచి ఎవరు ఎవరో ఆయనకు తెలిసేది కాదు. దీన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. కుళాయి దగ్గర పక్కింటామె బిందె కూడా పట్టిపెట్టినట్టే. ఓబులమ్మకు ఆరో రోజున మోకాలు బెణికింది. అది నయమయ్యేదాకా ఇరవై ఆరు రోజులు ఆమె వంతు గంగమ్మ తీర్చింది. బంతితో చేసే సాధన మాత్రం నిలబడి చేసేదే కాబట్టి ఓబులమ్మే చేసుకుంది.

"మరి నీ వంతో?" అని అడిగింది కాత్యాయని.

"పరుగుకు దాని జట్టు ముందు, నా జట్టు వెనక. దాని పన్నెండు చుట్లూ అయినాక నావి పరిగెత్తేదాన్ని. అప్పటికి కాళ్లు యాడుండాయో తెలిసేది కాదు మేడం."

కాత్యాయని మనసులో ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తొంభై ఏడు ఎవరిదీ కాదు. ఓబులమ్మ చూపు, గంగమ్మ కాళ్లు కలిపి లోకంలో లేని మనిషిని యంత్రం తయారుచేసింది. ముప్పై ఎనిమిదీ ఎవరిదీ కాదు. అప్పటికే పన్నెండు చుట్లు పరిగెత్తి వచ్చిన పిల్లను, త్వరగా అలిసిపోయే పిల్ల అని తేల్చింది.

మోకాలి సంగతి అడిగింది. అది పూర్తిగా నయమైందని, కోబె డాక్టర్లు కూడా చూశారని చెప్పింది గంగమ్మ. లేనిది ఊపిరే. మరి ఇన్ని నెలలూ ఎందుకు దాచారంటే, అంకె వచ్చిన రోజున ఓబులమ్మ చెప్పేస్తానని బయల్దేరిందట, గేటు దాకా వెళ్లిందట. అక్కడ అప్పటికే బాణాసంచా కాలుస్తున్నారట.

మోరితో నేరుగా మాట్లాడే లైన్ కాత్యాయని చేతి దగ్గరే ఉంది. అంకె తప్పని, దాన్ని ధ్రువీకరించిన శాస్త్రవేత్తగా తను చెబితే ఒప్పందం ఆ నిమిషమే రద్దవుతుంది. ఓబులమ్మ గీత దాటకుండానే ఇంటికి రావాలి. చెప్పకపోతే, కొన్ని లక్షలమంది కళ్ల ముందు రొప్పుతూ నిలబడాలి. ఏది మేలో తేల్చుకునేలోపే అరవై అయిదో నిమిషం వచ్చింది. తెర మీద నీలం చొక్కా గీత దాటింది. ఇక్కడి మైదానం హోరెత్తింది.

ఎదుటి జట్టువాళ్లు కూడా అంకె చదువుకునే వచ్చారు. ఓబులమ్మ లోపల అడుగు పెట్టగానే ముగ్గురు ఆమెను చుట్టుకున్నారు. మొదటి బంతి దొరికింది. ఎడమవైపు దూసుకుపోబోయింది. పాతిక గజాలు పోయేసరికి ముగ్గురిలో ఒకతి సునాయాసంగా దాటి వచ్చి బంతి తీసుకుపోయింది. అనంతపురం నిట్టూర్చింది. రెండోసారి ఇరవై గజాలే. ఓబులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. ఆమె భుజాలు లేచి పడుతుండటం నీడతెర మీద తాటిచెట్టంత ఎత్తున కనిపించింది.

"అయిపోయింది," అంది గంగమ్మ, మోకాళ్ల మీద తల ఆనించి.

అయిపోలేదు. ఓబులమ్మ ఆ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. తర్వాత కుడివైపు మూలకు తీరిగ్గా నడవడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఆమెతో పాటు నడిచారు. ఆమె ఆగితే ఆగారు. వెనక్కి వస్తే వచ్చారు. తొంభై ఏడు అంకె ఉన్న మనిషి నడుస్తోందంటే ఏదో పన్నాగం పన్నుతోందనే కదా ఎవరైనా అనుకునేది. వాళ్లు వదిలేసి వచ్చిన చోట మైదానం మధ్యలో పెళ్లిపందిరి వేసేంత ఖాళీ ఏర్పడింది. బంతి తన దగ్గరకు రాగానే ఓబులమ్మ దాన్ని ఆపను కూడా ఆపలేదు. చూడకుండా మడమతో ఆ ఖాళీలోకి తోసింది. అక్కడికి పరిగెత్తి వచ్చిన నామి పిల్లకు ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కతే ఉంది.

రెండూ ఒకటి. చాపలు గాల్లోకి లేచాయి. ఎనభై మూడో నిమిషంలో మళ్లీ అదే జరిగింది, ఈసారి ఎడమ మూల నుంచి. ఇప్పుడు ఆమె చుట్టూ నలుగురున్నారు. మూడూ ఒకటి. ఆట ముగిసేసరికి ఓబులమ్మ పరిగెత్తింది మొత్తం నలభై అయిదు గజాలని ఎక్కువమంది లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినవాళ్లు అది కూడా ఆమె గొప్పే అన్నారు. మస్తాన్‌వలి సార్ అయితే పక్కవాళ్లను పట్టుకుని, నేను చెప్పలేదా నేను చెప్పలేదా అని తిరుగుతున్నారు.

భావిమాపకం మ్యాచ్ ఫలితాన్ని తనలో చేర్చుకుని తన మామూలు గొంతుతో చెప్పింది. "అంచనా నిజమైంది. దోషం సున్నా."

కాత్యాయనికి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. దశాంశం తర్వాత మూడో స్థానం దాకా సరిచూసే మనిషి ఆమె. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇంతవరకూ యాభైకి తక్కువ వచ్చినవాళ్లు ఎంతమంది?"

"నాలుగు వేల రెండు వందల పన్నెండు మంది."

"వాళ్లలో విదేశాల్లో నిలబడినవాళ్లు?"

"ఒక్కరూ లేరు. అందువల్ల ఆ అంచనాలన్నీ నిజమయ్యాయి."

"ఆడి నిలబడలేకపోయారా, అసలు ఆడనివ్వలేదా?"

యంత్రం ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "ఆ తేడా చూడమని మీరు నన్ను ఎప్పుడూ అడగలేదు."

పదకొండేళ్లు. తన యంత్రం భవిష్యత్తును చూస్తోందని ఆమె అనుకుంది. అది అంకె చెబుతోంది, లోకం దాని మాట వింటోంది, అంతే. తొంభై వచ్చినవాళ్లు తడబడితే ఓపిక పట్టారు. ముప్పై వచ్చినవాళ్లకు చొక్కాలు ఉతికే పని ఇచ్చారు.

ఇక ఆలోచించలేదు. మోరికి జరిగిందంతా రాసింది. చుట్లు, తువాళ్లు, మోకాలు, ఇరవై ఆరు రోజులు, ఏదీ దాచలేదు. ఒప్పందం రద్దు చేసుకోవాలన్నా తప్పుపట్టనని, పొరపాటు తనదేనని రాసి పంపింది. గంగమ్మ పక్కనే నిలబడి చేతి గోళ్లు కొరుక్కుంటూ చదివింది. పది నిమిషాలకు జవాబు వచ్చింది.

'ఈమెకు పరిగెత్తే శక్తి లేదని రెండో బంతికే తెలిసింది. మైదానంలో నలుగురిని తన వెంట తిప్పుకునే పిల్లను నేను వదులుకోను. కానీ నేను వెతుక్కుంటూ వచ్చింది చివరి అరగంట పరిగెత్తే పిల్ల కోసం. ఆమె ఎవరో చెప్పండి.'

గంగమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేకపోయింది, కళ్లకు నీళ్లు అడ్డం వచ్చాయి. కాత్యాయని వేళ్లు అప్పటికే మీటల మీద ఉన్నాయి. గంగమ్మ పేరు తెరిచి ఆ ఇరవై ఆరు రోజుల సంగతి ఎక్కించింది. భావిమాపకం అడిగింది.

"ముప్పై ఎనిమిది అనే అంకె తప్పని తేలింది. సరిచేసి ప్రకటించమంటారా?"

మార్చమని చెప్పబోతుంటే గంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"గమ్మునుండమను మేడం. నంబరు పెంచితే వాళ్లు చదువుకుంటారు. ఓబులమ్మ చుట్టూ నలుగురు, నా చుట్టూ నలుగురు చేరితే ఎవురు పరిగెత్తేది? ముప్పై ఎనిమిదిని ఎవురు చూస్తారు? నా తట్టు ఒక్కరు కూడా తిరగరు. అది అట్లనే ఉండనీ."

కాత్యాయని ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఓబులమ్మ మూలకు నడిచి వెళ్లడం, నలుగురు ఆమె వెంట పోవడం, ఆ ఖాళీలోకి ఎవరూ లెక్కచెయ్యని ఒక పిల్ల ఎనభయ్యో నిమిషంలో తాజా కాళ్లతో దూసుకురావడం కళ్లకు కట్టింది.

"సరిచేయమంటారా?" అని యంత్రం మళ్లీ అడిగింది.

"వద్దు," అంది కాత్యాయని.

పదకొండేళ్లలో మొదటిసారి, తప్పని తెలిసిన అంకెను ఆమె అలాగే వదిలేసి, మోరికి గంగమ్మ పేరు రాసింది.