తీసేశారని చెప్పండి

శనివారం పొద్దున విజయదుర్గ పెసరట్టు తిరగేస్తుండగా వీరరాఘవరావుగారు వచ్చారు. గల్ఫ్‌లోని ఫుజైరా ఎమిరేటులో ఓడలకు ఇంధనం నింపే కంపెనీకి ఆయన మేనేజరు. అదే కంపెనీలో అకౌంటెంటు అయిన రాధాకృష్ణకు వరసకు బాబాయి. సెలవురోజున చెప్పాపెట్టకుండా వచ్చిన మనిషి చేతిలో ఫైలు చూడగానే దుర్గ స్టవ్వు తగ్గించి చెవులు రిక్కించింది.

పని తగ్గిందని కంపెనీ కొందరిని తీసేస్తోందనీ, వాళ్ళలో తన భర్త ఉన్నాడనీ ఆమెకు వారం కిందటే తెలుసు. తనివితీరా ఏడ్చి ఊరుకుంది. ఉద్యోగం పోయినవాళ్ళకు మూడు నెలలు ఎంతోకొంత చేతికిచ్చే ప్రభుత్వ బీమా ఒక్కటే ఆమెకు ధైర్యం. అదుంటే ఇంటద్దె కట్టుకుంటూ కూతురు అమూల్య పన్నెండో తరగతి పరీక్షలయ్యేదాకా నెట్టుకురావచ్చు. లేదంటే పిల్లను చదువు మధ్యలో మాన్పించి విమానం ఎక్కాల్సిందే.

"సంతకం పెట్టెయ్యరా రాధా," అంటూ ఆయన ఒక కాగితం తీశారు. "రాజీనామా. గౌరవంగా బయటపడతావు."

దుర్గ అట్లకాడతోనే హాల్లోకి వచ్చేసింది.

"రాజీనామా ఏంటి మావయ్యగారూ? తీసేస్తున్నది మీరు. ఆయనంతట ఆయనే మానేశారని రాసిస్తే బీమావాళ్ళు పైసా ఇవ్వరు."

"అది మనకెక్కడ వస్తుందమ్మాయ్! మన కంపెనీ ఉన్నది ఫ్రీజోనులో. అక్కడి రూల్స్ వేరు, దేశం రూల్స్ వేరు."

దుర్గకు ఒళ్ళు మండిపోయింది. ఆ చట్టం వచ్చిన ఏడాది వినాయకచవితి పూజలో మైకు పట్టుకుని తెలుగువాళ్ళందరికీ దాని గురించి చెప్పింది ఈ పెద్దమనిషే.

"ఆరోజు మీరేమన్నారండీ? ఫ్రీజోనైనా బయటైనా అందరూ కట్టాల్సిందే, ఏ ఎమిరేటు రూలైనా దేశం మొత్తానికీ వర్తించే ఫెడరల్ చట్టానికి లోబడే ఉండాలి, కట్టకపోతే జరిమానా అని కదూ? కట్టమన్నప్పుడు దేశమంతటికీ ఒకటే చట్టం. మాకు రావాల్సొచ్చేసరికి మీ ఫ్రీజోను వేరే దేశమైపోయిందా? మా కడుపు కొట్టడానికి మా ఇంటికే వచ్చారా?"

వీరరాఘవరావుగారు రాధాకృష్ణ వంక చూశారు. అతను తల ఎత్తలేదు.

"నేనెందుకు పడాలిరా ఈ మాటలు?" అన్నారాయన చివరికి. "అమ్మాయ్, తీసేస్తున్నామని కంపెనీ ఇచ్చే లెటరు కూడా ఈ ఫైల్లోనే ఉంది. అది వద్దని బతిమాలింది వీడే. నీకేదో ఒకటి సర్దిచెప్పమంటే ఫ్రీజోను మాట అన్నాను. అబద్ధమే, ఒప్పుకుంటున్నాను."

దుర్గ గిర్రున భర్త వైపు తిరిగింది. ఇంతసేపూ ఎవరి కోసం పోట్లాడిందో ఆ మనిషే తన కొంప ముంచబోతున్నాడు. ఆ తర్వాత వచ్చిన కోపం మొదటిదానికి రెట్టింపు.

"ఎందుకండీ? ఏం పోయేకాలం వచ్చింది?"

"నీకేం తెలుసు దుర్గా! చవితి పందిట్లో అందరికంటే ముందు కూర్చునేవాణ్ణి. రేపట్నుంచి 'పాపం, తీసేశారట' అనుకుంటారు. అమలాపురంలో అక్క నా గురించి ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది. దానికేమని చెప్పను?"

"తీసేశారని చెప్పండి! దొంగతనం చేశారా మీరు? ఓడలు రాకపోతే అది మీ తప్పా? ఇలాంటప్పుడు ఆదుకోవాలనే కదండీ ఆ చట్టం పెట్టారు? ఊరికే ఇస్తున్నారా, మన జీతంలోంచి కట్టిందేగా! నలుగురూ పాపం అనకూడదని పిల్ల చదువు పణం పెడతారా?"

గది గుమ్మంలో అమూల్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నాన్నా, మీకంత కష్టంగా ఉంటే సంతకం పెట్టెయ్యండి. నేను ఇండియా వెళ్ళిపోయి వచ్చే ఏడాది రాసుకుంటాలే," అంది.

దుర్గ అన్ని మాటలన్నా రాధాకృష్ణకు అంత తగల్లేదు. తన పరువు కోసం కూతురు చదువు వదులుకుంటానంటుంటే తల కొట్టేసినట్టయింది. ముందున్న కాగితాన్ని రెండుగా చించేశాడు.

"ఆ రెండో లెటరు ఇవ్వు బాబాయ్," అన్నాడు.

అది తీసుకున్నవాడు అక్కడితో ఆగలేదు. ధైర్యం చల్లారిపోతుందని భయపడ్డాడేమో, వెంటనే అక్క బాలత్రిపురసుందరికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"అక్కా, నా ఉద్యోగం... నన్ను తీసేశారు."

"నువ్వేమన్నా తప్పు చేశావురా?"

"లేదక్కా. కంపెనీలో పని తగ్గింది."

"మరి తప్పు చేసినవాడిలా ఆ గొంతేంటి? గట్టిగా చెప్పు."

"నన్ను తీసేశారక్కా!" అన్నాడు రాధాకృష్ణ, ఈసారి పక్క ఫ్లాటుకి కూడా వినిపించేలా. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. దుర్గ పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. ఆమె కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అయినా చెయ్యి మాత్రం తీయలేదు.