మైనం ఇంటి వంతు

మా పాత వర్తకుల వీధిలో, ఒకప్పుడు మైనం వ్యాపారం సాగిన ఆ మైనం ఇంటికి మంచి పేరు లేదు. పగలు ఆ పాతకాలపు ఇంటిని సందర్శకులు బారులు తీరి చూసిపోతారు. పొద్దు వాలిందంటే మాత్రం... వీధివాళ్లే ఆ గుమ్మం వైపు చూడరు.

తాళంచెవి పక్కింటి తొకుజీ దగ్గరుంటుంది. ఎనభై ఏళ్ల మనిషి. గుమ్మంలో చెప్పులు వంకరగా విడిచినవాణ్ణి పదేళ్లయినా మరిచిపోడు. ముప్పై ఏళ్ల కిందట ఆ ఇంటి మైనం కొట్టు కాలిపోతే, "ఆ ఇంటావిడ ఇకుయో పొయ్యి ఆర్పలేదు" అని పదిమందిలో చెప్పింది ఆయనే.

అన్నీ కొయ్య ఇళ్లాయె. రోజుకో ఇంటివాళ్లు రాత్రిపూట రెండు చెక్కలు ఒకదానికొకటి కొడుతూ, "నిప్పు జాగ్రత్త!" అని కేకేస్తూ తిరగాలి. తిరిగొచ్చి, మర్నాటి వంతు ఎవరిదో తెలిపే వంతు పలకను పక్కింటి గుమ్మానికి తగిలించాలి. ఇకుయోను ఆ వంతులోంచి తీసేశారు. ఆ అవమానంతోనే పోయింది.

మొన్న చలికాలంలో ఓ సాయంత్రం, ఆఖరి సందర్శకురాలు బూట్లు తొడుక్కుంటూ అడిగింది.

"లోపల చెక్కలు పట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఎవరండీ? పలకరిస్తే పలకలేదు."

తొకుజీ లోపలంతా వెతికాడు. ఎవరూ లేరు. తాళం వేసి తిరిగి చూస్తే— తన గుమ్మానికి ఉండాల్సిన వంతు పలక, మైనం ఇంటికి వేలాడుతోంది!

ఇది హిసానో పనే అనుకున్నాడు. ఆవిడ మైనం ఇంటికి అటుపక్క ఉంటుంది, నిన్నటి వంతు ఆవిడదే. తాళంచెవి మీద ఎప్పట్నుంచో కన్ను.

ఇంట్లోకెళ్లి కుంపటి రాజేసుకున్నాడు గానీ మనసు నిలవలేదు. కప్పుకున్న దుప్పటి అక్కడే విసిరేసి, వెళ్లి ఆవిడ తలుపు బాదాడు.

"వంతు ఎగ్గొట్టానని నలుగురూ నన్ను అనాలనేగా పలక అక్కడ తగిలించావు?"

"నీ గుమ్మానికే తగిలించా. కళ్లజోడు పెట్టుకుని చూడు, ముసలాడా!"

"మరి లోపల కూర్చున్నది నువ్వు కాదూ?"

"పొద్దుట్నుంచీ ముల్లంగి ఊరగాయ పెడుతున్నా. చేతులు వాసన చూస్తావా?"

టక్... టక్...

ఇద్దరూ మైనం ఇంటి వైపు తిరిగారు.

టక్... టక్...

తాళం వేసిన ఇంట్లోంచి. ఆ చప్పుడు తలుపు దాటింది... వీధిలోకొచ్చింది... తొకుజీ గుమ్మం దగ్గర ఆగింది.

"నీ ఇల్లే..." గొణిగింది హిసానో.

ఆయన పరుగెత్తాడు. గదినిండా పొగ. కుంపటి మీద పడ్డ దుప్పటి అరచేయంత మేర కాలి— తడిసి ముద్దయి ఉంది. చాప మీద తడి అడుగులు. ఒకప్పుడు మైనం కొట్టున్న వైపు గోడ దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయాయి.

ముప్పై ఏళ్ల కిందట కూడా నిప్పు అంటుకున్నది ఈ గదిలోనే. ఆ గోడ మీదుగానే కొట్టులోకి పాకింది. ఆ సంగతి తనకొక్కడికే తెలుసనుకున్నాడు తొకుజీ...

గోడలోంచి, చెవి పక్కనే, మెల్లగా—

"ఈసారి తప్పు నా మీద వెయ్యకండి, తొకుజీ గారూ."