ఎనిమిది వందల ఫోటోల్లో బుల్లమ్మ ఏది?

"ఇందులో బుల్లమ్మ ఎక్కడుందే?" అని అడిగాడు జగదీశ్వరరావు, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

"ఉంటుంది పెదనాన్నా. ఇంకా కిందకి జరుపు" అంది సత్యశ్రీ.

ఆయన జరిపాడు. బెలూన్లు వచ్చాయి. కేకు వచ్చింది. మళ్లీ కేకే వచ్చింది. మూతి సున్నాలా చుట్టిన సత్యశ్రీ, ఆమె స్నేహితురాళ్లు వరసగా వచ్చారు.

నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర జగదీశ్వరరావుకు ఫోటో స్టూడియో ఉంది. అప్పుడు టైము సాయంత్రం నాలుగున్నర. సత్యశ్రీ ఏడో తరగతి. బడి వదలగానే అమ్మ ఫోను పట్టుకుని అక్కడికి పరుగెత్తుకొచ్చింది. వెనకే క్లాస్‌మేట్ గోపీకృష్ణ కూడా వచ్చాడు.

బుల్లమ్మ అంటే ఆ బడిలో ఇరవై రెండేళ్లు మధ్యాహ్న భోజనం వండిన మనిషి. పిల్లలందరూ మామ్మా అనే పిలుస్తారు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి వంట మానేసింది. ఈ రోజే ఆరింటి బస్సుకు కాకినాడలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్లిపోతోంది.

మధ్యాహ్నం బడిలో ఆమెకు శాలువా కప్పి, కేకు కోయించారు. ఫోటోల పని రత్నమణి టీచర్ సత్యశ్రీకి అప్పజెప్పింది. "మంచి ఫోటో ఒకటి ఏరి, మీ పెదనాన్న గారితో ఫ్రేము కట్టించు. బస్సు దగ్గర మామ్మకి ఇద్దాం" అంది.

బుల్లమ్మ కూడా సత్యశ్రీని పక్కకి పిలిచింది. "ఓలమ్మా, నాది ఒకటి బాగా తియ్యవే. ఆధార్ కార్డులో తప్ప నాకు ఇంకెక్కడా ఫోటో నేదు. అది సూస్తే నాకే బయమేస్తాది" అంది.

"ఒకటేంటి మామ్మా! ఇందులో బోలెడు జాగా ఉంది" అని నవ్వింది సత్యశ్రీ. ఇక నొక్కడం మొదలుపెట్టింది. చూడకుండా నొక్కింది, నడుస్తూ నొక్కింది, నవ్వుతూ నొక్కింది. మొత్తం ఎనిమిది వందల పన్నెండు ఫోటోలయ్యాయి.

"ఇదిగో, దొరికింది" అన్నాడు పెదనాన్న.

శాలువా ఉంది. తల లేదు.

తర్వాతి దాంట్లో తల ఉంది కానీ కళ్లు మూసుకుపోయాయి. ఇంకోదాంట్లో మొహానికి అడ్డంగా ఎవరివో రెండు వేళ్లున్నాయి.

"అవి నా వేళ్లే!" అన్నాడు గోపీకృష్ణ గొప్పగా. సత్యశ్రీ వాడి వైపు గుర్రుగా చూసింది.

మిగతా వాటిలో బుల్లమ్మ ఓ మూల మసగ్గా ఉంది, లేదంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"ఆగు, ఏఐ యాప్‌లో పెడదాం. మిగతా మొహం అదే గీసేస్తుంది" అని గోపీ ఫోను లాక్కున్నాడు. నిమిషంలో బొమ్మ వచ్చింది. నున్నటి బుగ్గలు, తెల్లటి పళ్లు.

పెదనాన్న కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎవర్రా ఈవిడ? సబ్బు అమ్మడానికి వచ్చినట్టుంది!"

ముగ్గురూ నవ్వేశారు. మరుక్షణం సత్యశ్రీకి ఏడుపొచ్చింది. "ఎనిమిది వందలు తీశాను పెదనాన్నా! ఒక్కటీ లేదు. మామ్మకి ఏం ఇవ్వాలి?"

జగదీశ్వరరావు తిట్టలేదు. పిన్నుతో ఫోను అంచులోని ట్రే లాగి, అందులోని మెమరీ కార్డును అరచేతిలో వేసుకున్నాడు. చిటికెన వేలి గోరంత ఉంది.

"ఇది ఎంతదే?"

"రెండు వందల యాభై ఆరు జీబీ. నాన్న రెండు వేలు పెట్టి కొన్నాడు."

ఆయన సొరుగులోంచి ఇంకో కార్డు తీసి పక్కన పెట్టాడు. అది అగ్గిపెట్టె అంత వెడల్పు, బిస్కెట్ లాగా మందం.

"ఇది నా మొదటి డిజిటల్ కెమెరాలోది. ఇరవై ఏళ్ల పైమాటే. అప్పుడు పద్దెనిమిది వందలు పోసి కొన్నాను. పదహారు ఎంబీ."

"పదహారు జీబీనా?" అన్నాడు గోపీ.

"జీబీ కాదురా, ఎంబీ! ఎంబీలు వెయ్యి పైన కలిస్తే ఒక జీబీ. లెక్క కట్టు, ఇలాంటివి ఎన్నయితే ఈ చిన్నదానికి సమానం?"

గోపీ కాలిక్యులేటర్ నొక్కాడు. నమ్మలేక మళ్లీ నొక్కాడు. "పదహారు వేల మూడు వందల ఎనభై నాలుగు!"

"అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చామనుకో, మన సెల్ టవర్ కంటే పైకి పోతాయి."

సత్యశ్రీ ఏడుపు ఆగిపోయింది. టవర్ కంటే ఎత్తా! అదంతా ఈ నల్లటి ముక్కలోనా!

"అప్పటి రేటుకి కొనాలంటే?" అని అడిగింది.

గోపీ మళ్లీ లెక్క కట్టాడు. అంకెలు వేలితో లెక్కపెట్టుకున్నాడు. "దాదాపు... మూడు కోట్లు."

"అమ్మ బాబోయ్! మొన్న ఇది మంచం కింద పడితే చీపురుతో లాగాను!" అంది సత్యశ్రీ. గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు ఊపిరి బిగబట్టి, ఆ కార్డు మీదకి వంగి చూసింది. అసలు అంత చోటు అందులోకి ఎలా వచ్చింది? ఎవరు పట్టించారు? ఎంత చూసినా ఆశ్చర్యం తీరడం లేదు.

"మరి నీ కార్డులో ఎన్ని ఫోటోలు పట్టేవి పెదనాన్నా?"

"బాగా తీస్తే పది."

"పదేనా? మరి ఎలా తీసేవాడివి?"

ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే ఓ తాతగారి ఫోటో ఉంది. సత్యశ్రీ పుట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. ఆమె ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

"ఆయన నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది. అది పడే దాకా పావుగంట కూర్చున్నాను. ఒక్కటే తీశాను."

సత్యశ్రీ దగ్గరకు వెళ్లి చూసింది. తాతగారి గోళ్ల సందుల్లో ఎర్ర లక్క కూడా కనిపిస్తోంది. ఇప్పుడే ఏదో చెప్పబోతున్నట్టున్నాడు. పదే ఫోటోలు పట్టే ఆ కార్డులోంచి ఇంత మనిషి వచ్చాడు!

ఆమె గడియారం చూసింది. ఐదు దాటి ఐదు నిమిషాలు.

"పెదనాన్నా, ప్రింటు తీసి ఫ్రేములో పెట్టడానికి ఎంతసేపు?"

"పావుగంట."

"మిషన్ ఆన్ చేసి ఉంచు. కార్డు బేగి ఇయ్యి!"

బుల్లమ్మ ఇల్లు బడి వెనక వీధిలోనే. ఆమె గుమ్మంలో సంచి మూతి కడుతోంది.

"మామ్మా, నీ ఫోటో తీస్తాను" అంది సత్యశ్రీ రొప్పుతూ.

"మద్దేనం టపటపా తీసీసినావు గదే!"

సత్యశ్రీ తల దించుకుంది. "వాటిల్లో నువ్వు సరిగ్గా లేవు మామ్మా. నేను చూసుకోలేదు. తప్పు నాదే."

బుల్లమ్మ సంచి పక్కన పెట్టింది. మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఉండు, మొకం కడుక్కొస్తాను" అంది.

వచ్చి గుమ్మం మీద కూర్చుంది. సత్యశ్రీ ఫోను ఎత్తింది. నొక్కలేదు. చూసింది.

ఇన్నేళ్లు ఆ చేతి అన్నం తింది. కుడి మణికట్టు మీద పొడుగ్గా కాలిన మచ్చ ఉందని ఇప్పుడే తెలిసింది. కనుబొమలు కలిసిపోయి ఉంటాయనీ ఇప్పుడే తెలిసింది. నవ్వొచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి తనంతట తానే కొంగును నోటి మీదకు లాగుతోంది.

"ఏటమ్మా, నొక్కవేటి?"

"చూస్తున్నాను మామ్మా. ఆ కొంగు తీస్తావా?"

"ముందు పన్ను నేదే. సిగ్గేస్తాది."

సత్యశ్రీ కాసేపు ఆలోచించింది. "మామ్మా, కాకినాడలో ఎవరికీ సాంబారు వండిపెట్టకు. అది మాది" అంది.

"ఓలి నీ దుంపతెగ!" అని బుల్లమ్మ పగలబడి నవ్వింది. కొంగు సంగతే మరిచిపోయింది.

సత్యశ్రీ ఒక్కసారి నొక్కింది.

ఐదూ యాభై ఐదుకి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కాకినాడ బస్సు ఇంజను స్టార్ట్ అయింది. రత్నమణి టీచర్ కిటికీలోంచి ఫ్రేము అందించింది. బుల్లమ్మ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. సత్యశ్రీ కిటికీ కింద నిలబడి ఆమె మొహమే చూసింది.

బస్సు కదిలింది. అప్పుడు బుల్లమ్మ పక్క సీటావిడను మోచేత్తో పొడిచి, ఫ్రేము ఆవిడ ఒళ్లో పెట్టడం కనిపించింది.

"సూడండమ్మా, నానే! ఇది నానే!"