నాన్నని అడిగితే అమ్మ చెప్పింది

పొద్దున్నే పళ్ళు తోముకోబోయిన కూతురికి నాన్న చెవి మిషను సబ్బుపెట్టెలో కనిపించింది. నిన్న అది కుట్టుమిషను సొరుగులో గుండీల మధ్య దొరికింది. మొన్న ఎక్కడ దొరికిందో తలుచుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

"అమ్మా, ఇది తడిస్తే పాడవుతుందని ఎన్నిసార్లు చెప్పాలి?"

"నాకెందుకు చెబుతావు? పెట్టింది మీ నాన్న. ఆయనకి చెప్పు."

"ఆయనకి వినిపిస్తే కదా చెప్పడానికి."

వంటింట్లో అమ్మ నవ్వింది. కూతురికి నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ చెవుల క్లినిక్‌కి నాన్నని అమ్మే తీసుకెళ్ళేది. ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టి తనూ వెళ్ళాలి.

నాన్న టైలరు. కూతురు ఇంకా బడికి వెళ్ళని రోజుల్లో, ఒక పాడు జ్వరం ఆయన రెండు చెవులూ పట్టుకుపోయింది. అప్పటి నుంచి కొట్లో కొలతలు ఆయనవి, మాటలు అమ్మవి. "నడుం దగ్గర కాస్త వదులు కావాలట" అని ఆమె పెదవులు స్పష్టంగా కదిపితే ఆయన టేపు జరిపేవాడు. తన గొంతు ఎంత పైకి పోతోందో తెలియక మాట్లాడటమే తగ్గించేశాడు. బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా ఆయన్ని అడిగిన ప్రశ్నకి జవాబు ఆమె దగ్గరే. వీధిలో ఆమెకి మైకమ్మ అని పేరు. వింటే విసుక్కునేది గానీ, ఆ పేరు ఇంకొకరికి ఇమ్మంటే మాత్రం ఇచ్చే మనిషి కాదు.

కూతురు పట్టుబట్టి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించింది. లోపలి చెవిలో సన్నటి తీగ అమర్చారు. చెవి వెనక మిషను తగిలించుకుంటే శబ్దం ఆ తీగ గుండా నరానికి చేరుతుంది. రోజంతా పెట్టుకుంటేనే మెదడు మాటలు మళ్ళీ నేర్చుకుంటుందని, మూలన పడేస్తే చేసిందంతా వృథా అని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్నేమో కాసేపు పెట్టుకుని, మొహం చిట్లించి, పీకేస్తున్నాడు.

"ఇంక నా వల్ల కాదు" అన్నాడు ఆయన టిఫిన్ దగ్గర, పక్కింటికి వినిపించేంత గొంతుతో. "గిన్నె కింద పెడితే తలలో పిడుగు పడుతోంది. దీన్ని తీసేయమని చెప్పండి."

కూతురు ఆయన ఎదురుగా కూర్చుని, పెదవులు విడదీస్తూ అడిగింది. "మరి క్లినిక్‌లో హాయిగా ఉందన్నావట కదా నాన్నా?"

"నేనెప్పుడన్నాను?"

కూతురు అమ్మ వైపు చూసింది. అమ్మ అప్పటికే తుడిచిన స్టవ్వుని మళ్ళీ తుడుస్తోంది.

క్లినిక్‌లో మిషను సరిచేసే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఒక్కో శబ్దం పెంచుకుంటూ వెళ్తానండీ. ఎక్కువైతే చెప్పండి" అని రాసి నాన్నకి చూపించింది. మొదటి శబ్దం రాగానే నాన్న అలవాటుగా అమ్మ మొహంలోకి చూశాడు.

"బాగుందంటున్నారు" అంది అమ్మ. "ఇంకాస్త పెంచినా పర్లేదు."

"ఆయన ఏమీ అనలేదమ్మా" అంది కూతురు.

"అంటేనే తెలుస్తుందా? ఇన్నేళ్ళు కాపురం చేశాను."

"ఆయన తలలో మోగేది నీకెలా తెలుస్తుంది? ప్రతిసారీ ఇలాగే చెప్పావా? ఆయన నీ మొహం చూస్తాడు, నువ్వు ఆయన మొహం చూస్తావు, మధ్యలో ఆ మిషను ఆయన ప్రాణం తీస్తోంది. నాన్నకి వినిపించడం నీకు ఇష్టం లేదా?"

అమ్మ మొహం పాలిపోయింది. "ఎంత మాటన్నావే. ఎక్కువ పెడితే తొందరగా వినిపిస్తుందనుకున్నాను."

మిషను అమ్మాయి లేచి, అమ్మ కుర్చీని నాన్న వెనక గోడ దగ్గరికి జరిపింది. చూడటానికి మొహమేదీ లేకపోయేసరికి నాన్న కాసేపు తికమకపడ్డాడు. తర్వాత మెల్లగా, తనంతట తానే చెప్పడం మొదలుపెట్టాడు. "ఎక్కువ. ఇదీ ఎక్కువే. తగ్గించమ్మా. ఆఁ, ఇది చాలు." చాలా సేపు పట్టింది. ముడుచుకున్న ఆయన నుదురు కొద్ది కొద్దిగా సాఫీ అయింది.

"ఇప్పుడు మైకు వేస్తున్నాను, గదిలో మాటలు కూడా వినిపిస్తాయి" అంది ఆ అమ్మాయి.

వెనక అమ్మ కొంగు మెలిపెడుతూ కూతురితో గొణిగింది. "ఇంక నాతో పనేముంది. రేపట్నుంచి కొట్లో నాకు కుర్చీ కూడా అక్కర్లేదు."

"కుర్చీ అంటున్నావా?" అన్నాడు నాన్న, వెనక్కి తిరగకుండానే. "కుర్చీకేమైందే?"

పెదవులు చూడకుండా నాన్న అమ్మకి జవాబివ్వడం కూతురు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అమ్మ లేచి ఆయన ముందుకు రాబోయింది. కుర్చీ చప్పుడు విని ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అక్కడి నుంచే చెప్పు."

"ఏం లేదండీ" అంది అమ్మ. ముక్కు ఎగపీల్చి, చప్పుడు కాకుండా కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావా?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఏ బాధ వచ్చినా ఆయన వెనక్కి వెళ్ళి ఏడ్చేది. ఇకమీదట అది కుదిరేలా లేదు.