తలుపు బయటి మనిషి

కాకినాడలో ఇప్పుడు తలకి తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవాళ్ళు లేరు. నుదుటికి శొంఠి పట్టు వేసుకుని, కిటికీలన్నీ మూసుకుని, పళ్ళెం చప్పుడైనా ఇంటిల్లిపాదినీ కసురుకునే ఆడవాళ్ళూ కనపడరు. అలాంటివాళ్ళ మెడల వెనక ఇప్పుడు అరచేతి వెడల్పున బూడిదరంగు పట్టీ ఒకటి ఉంటుంది. ఊళ్ళో నలభై వేల మంది అది పెట్టుకున్నారు. మైగ్రేన్ అనే మాటని పిల్లలు పాత వార్తల్లో చదువుకోవలసిందే.

వాళ్ళలో నూకరత్నం ఒకతె. సిటీ బస్సు డ్రైవరు. సీటు కింద మూత డబ్బా పెట్టుకుని, వాంతి వచ్చినప్పుడల్లా బస్సు పక్కకి ఆపుకుంటూ ఇరవై ఏళ్ళు నడిపిన మనిషి. పట్టీ పెట్టుకున్న మూడో నెలలో పరీక్షకి వచ్చి, దాన్ని కనిపెట్టిన డాక్టర్ కేజియా ఎదురుగా కూర్చుంది.

"నొప్పి లేదండి. వాంతుల్లేవు. మెడ దూదిలా ఉందండి," అంది. మెడ మీది పట్టీ తడుముకుని, "కానీ పట్టీ పని మొదలెట్టగానే గంజి వాసనొస్తందండి. నేనేదో చీకటి గదిలో పడుకున్నట్టు, తలుపు బయట ఎవరో కూర్చున్నట్టు ఉంటాదండి. ఆ మనిషి లోపలికి రారండి. ఎల్లిపోతారేమోనని నాకు దడండి," అంది.

తాగే గంజా అని కేజియా అడిగింది. కాదట. బట్టలకి పెట్టే గంజి, నీలిమందు కలిపినది. కేజియా చేతిలో పెన్ను కాగితం మీద అలాగే ఆగిపోయింది.

ఇక్కడ కాస్త సైన్సు చెప్పుకోక తప్పదు. మెడ నుంచి వచ్చే నరాలూ, ముఖం నుంచి వచ్చే నరాలూ మెదడు అడుగున ఒకేచోట కలుస్తాయి. వికారం పుట్టించే కేంద్రం కూడా అక్కడికి దగ్గరే. అంతా ఒకే బోర్డు మీది ఫ్యూజులనుకోండి, ఒకటి వేడెక్కితే పక్కవీ వేడెక్కుతాయి. అందుకే మైగ్రేన్ వచ్చేముందు చాలామందికి ఆవులింతలొస్తాయి, మెడ పట్టేస్తుంది. జనం మాత్రం మెడ పట్టేసింది కాబట్టే తలనొప్పి వచ్చిందనుకుని, దిండు మారుస్తారు, మంగలి చేత మెడ విరిపించుకుంటారు. పాపం మెడ నేరం చేసింది కాదు, నేరాన్ని ముందుగా చూసిన సాక్షి.

కేజియా పట్టీ ఆ సాక్ష్యాన్ని నమ్మింది. మెడ బిగుసుకోవడం మొదలవగానే, రాబోయే నొప్పికి సరిగ్గా ఎదురు అలని నరంలోకి పంపుతుంది. రెండూ కలిసి చెల్లయిపోతాయి. అయితే ఎదురు అల తయారు చేయాలంటే మొదటి ఆవులింత నుంచి చివరి వాంతి దాకా, మందు పడని ఒక నొప్పి పూర్తి రికార్డు కావాలి. ఒప్పుకున్నవాళ్ళంతా సగంలోనే మాత్ర ఇమ్మని ఏడ్చారు. చివరిదాకా ఉన్నది ఒక్కరే, కేజియా తల్లి సువార్తమ్మ. లేబొరేటరీలోని చీకటి గదిలో రెండున్నర రోజులు మాత్ర అడక్కుండా పడుకుంది. తలుపు తీస్తే రికార్డు చెడుతుందని కేజియా బయటే కూర్చుని స్క్రీన్ చూసింది. సువార్తమ్మ ఆ తర్వాత ఏడాదికి గుండెజబ్బుతో పోయింది.

రికార్డులో నొప్పి కాని అలలు కొన్ని ఉన్నాయి. అవి చెత్త, తీసేద్దామన్నారు తోటివాళ్ళు. అమ్మ పడిన బాధలో ఒక్క సెకను కూడా కొయ్యనని కేజియా పట్టుబట్టింది. సైంటిస్టు చేయకూడని పని, కూతురు చేసింది. నొప్పికి నొప్పి చెల్లయింది. కానీ ఆ నొప్పిలో సువార్తమ్మకి గుర్తొచ్చిన పాత తలుపుకి చెల్లయ్యే తలుపు వేరేవాళ్ళ తలలో ఎక్కడుంటుంది? అది మిగిలిపోయింది. నలభై వేల మందిలోనూ మిగిలిపోయింది.

ఆ తలుపు కేజియాకి బాగా తెలుసు. నరసాపురంలో సువార్తమ్మ లేసు అల్లేది. పొద్దున్నుంచీ వంచిన మెడ ఎత్తేది కాదు. అల్లిన లేసు ఉతికి గంజి పెట్టి, ఆ గదిలోనే ఆరేసేది. నెలకి రెండు మూడుసార్లు అదే గదిలో తలుపేసుకుని పడిపోయేది. పని తప్పించుకునే వేషాలని నాయనమ్మ అనేది. పదేళ్ళ కేజియా గ్లాసుతో నీళ్ళు గుమ్మం దగ్గర పెట్టి, తలుపుకి ఆనుకుని కూర్చునేది. ఒకరోజు స్కూల్లో పాటల పోటీ. అమ్మ వస్తానని మాటిచ్చింది, రాలేదు. కేజియా తలుపు బయట నిలబడి ఒక మాట అనేసి వెళ్ళిపోయింది. అమ్మ ఆ మాట విన్నదో లేదో ఎప్పుడూ చెప్పలేదు, కేజియా అడగలేదు. అడగకుండానే ఇరవై తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి, అమ్మా వెళ్ళిపోయింది.

నూకరత్నం గంజి వాసన సంగతి చెప్పిన వారమే, ఆ అలలు తీసేసి రికార్డు శుభ్రం చేయాలి. చేయలేదు. పేషెంట్లు నింపే ఫారంలో కొత్త ప్రశ్న ఒకటి చేర్చింది: తలుపు బయట నుంచి ఏదైనా మాట వినిపించిందా? నలభై ఒక్క మందిని అడిగింది. అడుగుల చప్పుడన్నారు, గ్లాసు చప్పుడన్నారు, మాట లేదన్నారు. పట్టీ తనే పెట్టుకుని చూసింది. మైగ్రేన్ లేని మెడ మీద అది పలకలేదు. ఊరంతా తన అమ్మ గదిలోకి వెళ్ళి వస్తుంటే, కేజియా ఒక్కతే ఎప్పటిలా బయట ఉండిపోయింది.

అలా మూడు వారాలు గడిచాయి. నాలుగో వారం, మిట్టమధ్యాహ్నం, జగన్నాథపురం వంతెన మీద స్టాపు లేనిచోట నూకరత్నం ఒక్కసారిగా బ్రేకు వేసి, బస్సు తలుపు తీసి, ఎవరికోసమో చూస్తూ కూర్చుంది. నిలబడి ఉన్న పెద్దాయన ఒకరు పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ ఎముక తన మూలంగానే విరిగిందని కేజియాకి తెలుసు.

నూకరత్నాన్ని పిలిపించి, ఏం జరిగిందని అడిగింది.

"మాట వినపడిందండి. ఇన్నాళ్ళూ లేదు, ఆరోజు పట్టీ చానాసేపు పని చేసిందండి. ఎవరో ఆడపిల్లండి. 'అందరి అమ్మలకీ మెడ నొప్పెడుతుంది. నువ్వొక్కదానివే పడుకుంటావు' అందండి."

పాటల పోటీ రోజు కేజియా అన్న మాట అదే. ఆవిడకి కోపం వచ్చిందా అని అడిగింది.

"ఏ ఆవిడకండి?"

"ఆ గదిలో పడుకున్నావిడకి."

"కోపం కాదండి. పిల్ల ఎల్లిపోతందని లేద్దామని చూసానండి. లేస్తే కడుపులో తిప్పేసి వాంతయింది. గోడ పట్టుకుని తలుపు దాకా ఎల్లానండి. గడియ తీసేసరికి బయట ఎవరూ లేరు, గ్లాసొకటే ఉంది. అందుకేనండి బస్సు తలుపు తీసింది."

కేజియా ఏడ్చింది. పేషెంటు ముందు డాక్టరు ఏడవకూడదని తెలిసీ ఏడ్చింది. ఆరోజు తను ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే ఆ తలుపు తెరుచుకునేది.

ఆ సాయంత్రమే రికార్డులోంచి ఆ అలలున్న పదకొండు నిమిషాలు కోసేసి, పట్టీలన్నిటికీ కొత్త రికార్డు పంపింది. లోపమున్న రికార్డు ఎక్కడా మిగలకూడదని నిబంధన. కాబట్టి పాతది పూర్తిగా చెరిపేసింది. గంజి వాసనా, తలుపూ, అమ్మ గోడ పట్టుకుని నడిచిన ఆ నాలుగడుగులూ ఎక్కడా లేకుండా పోయాయి.

తర్వాత ఊళ్ళో జరిగింది ఎవరూ ఊహించలేదు. నొప్పి లేదు, వాసన లేదు, అయినా జనం దిగులుగా వచ్చారు. ఇంట్లో మనిషి పోయినట్టుంది, ఎవరు పోయారో తెలియడం లేదన్నారు. వీధి తలుపులు గడియ వేయకుండా వదిలేస్తున్నామన్నారు. నూకరత్నమైతే పదకొండో రోజున అన్నం, కూర వండి నలుగురికి పెట్టిందట. ఎవరి పేరున పెట్టిందో తనకే తెలియదని కేజియా దగ్గరికి వచ్చి చెప్పింది.

"సువార్తమ్మ," అంది కేజియా. "మా అమ్మ."

నూకరత్నం ఆ పేరు ఒకసారి పలికి చూసుకుంది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం కేజియాకి ఆగకుండా ఆవులింతలొచ్చాయి. మెడ కుడివైపు బిగుసుకుంది. తల్లి నుంచి కూతురికి ఈ జబ్బు ఆలస్యంగానైనా రావచ్చని నలభై వేల మందికి చెప్పిన మనిషికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అసిస్టెంటు పరుగున పట్టీ తెచ్చింది. ఇప్పుడైతే అది ఈ మెడ మీద పలుకుతుంది. నొప్పి తీసేస్తుంది, అంతే. లోపల ఎవరూ ఉండరు. కేజియా వద్దని చెయ్యి ఊపి, అమ్మ పడుకున్న చీకటి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఊరందరి నొప్పీ తీసిన డాక్టరు మెడ ఒక్కటే ఖాళీగా ఉంది.

మధ్యాహ్నానికి నొప్పి కంట్లోకి దిగింది. గంజి వాసన వస్తుందేమోనని ఎదురుచూసింది. ఫినాయిల్ వాసన తప్ప ఏమీ రాలేదు. అప్పుడు బయట బల్ల కిర్రుమంది, గాజులు గలగలలాడాయి. పరీక్షకి వచ్చిన నూకరత్నం, విషయం తెలిసి అక్కడే కూర్చుంది. కాసేపటికి గాజుల చప్పుడు ఆగిపోయింది.

వెళ్ళిపోయిందేమోనని కేజియాకి గుండెల్లో దడ మొదలైంది. పిలుద్దామంటే గొంతులోకి వాంతి వస్తోంది. లేచింది. కడుపులో తిప్పేసి గిన్నెలో వాంతి చేసుకుంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, గడియ తీసింది.

నూకరత్నం బల్ల మీదే ఉంది. ఒళ్ళో నీళ్ళ గ్లాసు ఉంది.

"మీరు తీస్తారని తెలుసండి," అంది మెల్లగా. "అందుకే ఎల్లలేదు."