పెద్ద కాగు తెరిచిన రోజు

పాలు మాడిన వాసన మేడ మీదికి వచ్చేసరికి దారికో చేతిలోని దిండు గలీబు పడేసి కిందికి పరుగెత్తింది. పొయ్యి మీద గిన్నె నల్లబడిపోయింది. దానికి జానెడు దూరంలో స్టూలు వేసుకుని వాళ్ళ నాన్న జుంబేర్ నిమ్మకు నీరెత్తినట్లు రొట్టె, చీజ్ తింటున్నాడు.

"పక్కనే కూర్చుని పాలు మాడబెట్టావా నాన్నా?"

"పాలు నన్ను పిలవలేదమ్మా. పిలిస్తే లేచేవాణ్ణే."

"వేళాకోళం చాలు. పైన అతిథులు నిద్ర లేచే వేళకి ఇల్లంతా కంపు చేశావు."

పెరట్లోంచి కొత్తిమీర కోసుకొచ్చిన తల్లి ఎతేరి, ఆ గిన్నె అందుకుని మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయింది. మామూలుగా మొగుణ్ణి దెప్పే అవకాశం దొరికితే ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. దారికోకి ఆ సంగతి గమనించే తీరిక లేదు.

జార్జియా రాజధాని టిబిలిసిలో హోటల్ ఉద్యోగం మానుకుని వచ్చి, సిగ్నాగి ఊళ్ళో తాతలనాటి ఇంటిని డబ్బున్నవాళ్ళు దిగే విడిదిగా మార్చింది తను. మెత్తటి పరుపులు, పాలరాతి స్నానపు తొట్లు, బాల్కనీలో నిలబడితే కాళ్ళకింద అలజానీ లోయ. కానీ పరుపులు ఊళ్ళో ఇంకా నాలుగిళ్ళలో ఉన్నాయి. జుంబేర్ ముక్కు మాత్రం ఈ ఇంట్లోనే ఉంది. గది అవతలి నుంచే వాసన పట్టి వైన్ మంచిచెడ్డలు చెప్పగల మనిషని గేటు దగ్గర బోర్డు మీద అతని బొమ్మతో సహా రాయించింది దారికో. అతనికి అది ఇష్టం లేదు. సంతలో ఎద్దుని కట్టేసినట్టుందని ఒకటి రెండుసార్లు గొణిగి ఊరుకున్నాడు.

ఇవాళ, కిందటి పంట ద్రాక్ష పోసి మూసిన పెద్ద వైన్ కాగు తెరుస్తారు. వియన్నా నుంచి రోస్వితా అనే ఆవిడ తన స్నేహితులతో వచ్చి దిగింది. ఆవిడకి యాత్రల కంపెనీ ఉంది. వైన్ నచ్చితే ఇక ఏడాది పొడుగునా ఇక్కడికే మనుషుల్ని పంపుతానంది. నచ్చకపోతే శరత్కాలానికి మేడ మీది గదులకి తాళాలు వేసుకోవాల్సిందే.

మధ్యాహ్నం అందరూ కాగుల గదిలోకి దిగారు. నేలలో మెడదాకా పాతిన కాగు మూతిచుట్టూ మెత్తిన బంకమట్టిని జుంబేర్ కత్తితో గీకి, రాతి మూత పక్కకి జరిపాడు. మూత ఇంకా పూర్తిగా తొలగకముందే దారికో ముక్కుకి తగిలింది.

బూజు వాసన. వానలో తడిసి మూలన పడి ఉన్న గోనెసంచి వాసన.

జుంబేర్ సొరబుర్ర గరిటెతో ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని తాగాడు. "ఎండిన ఆప్రికాట్, కాస్త తేనె," అన్నాడు తాపీగా. "ఈ ఏడు మా ద్రాక్ష మమ్మల్ని మర్చిపోలేదు. మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు చల్లగా ఉండాలి." పోయినేడాదీ ఇవే మాటలు చెప్పాడు.

అతిథులు గ్లాసులు ఎత్తారు. ఒకాయన చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రోస్వితా ఒక గుక్క మింగి, దారికో వైపు వంగి చిన్నగా అడిగింది. "ఈ వాసన ఈ ప్రాంతపు పద్ధతా?"

"భోజనం చల్లారిపోతుంది, పైకి పదండి," అంది దారికో.

వాల్‌నట్ ముద్ద కూరిన వంకాయలు, ద్రాక్ష పుల్లల నిప్పుల మీద కాల్చిన మాంసం, అన్నీ మెచ్చుకుంటూ తిన్నారు. వైన్ ఎవరూ అడగలేదు, నీళ్ళే తాగారు. ఊరి గోడ చూడ్డానికి బయల్దేరుతూ రోస్వితా దారికో చెయ్యి పట్టుకుంది. "గదులు ఎంతో బాగున్నాయి. కానీ మావాళ్ళు వచ్చేది వైన్ కోసం కదమ్మా."

గేటు పడగానే దారికో కాగుల గదిలోకి విసురుగా దిగింది. జుంబేర్ అక్కడే ఉన్నాడు, మూతకి కొత్త మట్టి పిసుకుతూ.

"ఈ కాగు ఎవరు కడిగారు?"

"నేనే. ఇంకెవరు కడుగుతారు?"

"ఆఖరిసారి కడిగిన నీళ్ళు వాసన చూశావా? తాగావా? ఆ నీళ్ళు తాగి బాగున్నాయంటేనే కదా ద్రాక్ష పొయ్యాలి! కడగడానికి మనిషిని పెడతానంటే, నేను చచ్చాక పెట్టుకో అన్నావు."

"తాగాను. బాగానే ఉన్నాయనిపించింది."

"బూజు పట్టిన కాగులో ఏడాది పంట పోసి, బాగానే ఉందనిపించిందా? ఊరుకో నాన్నా. నేనీ ఇంట్లో పరాయివాళ్ళని పడుకోబెట్టడం నీకు మొదట్నుంచీ కిట్టలేదు. నలుగురిలో నా పరువు తియ్యాలనే కళ్ళు మూసుకుని ఆ నాటకం ఆడావు."

మెట్ల మీద నుంచి ఎతేరి గొంతు వచ్చింది.

"నోరు ముయ్యవే. ఆయనకి వాసన తెలీదు."

"ఎతేరీ, వద్దన్నానా," అన్నాడు జుంబేర్.

"ఇంకెన్నాళ్ళు దాచమంటావు? కిందటేడు చలికాలంలో, ఈ ద్రాక్ష కోతలకి ముందే, జ్వరంతో పడుకున్నాడు చూడు, లేచేసరికి పోయింది. డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళాను. ఇక రాదన్నారు. పాలు మాడినా తెలీదు, రొట్టె కాలినా తెలీదు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"ఎందుకు నాన్నా?"

జుంబేర్ మట్టి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "గేటు దగ్గర నా బొమ్మ పెట్టావు కదమ్మా. అది చూసే జనం వస్తున్నారంటివి. ఇప్పుడు నాకేమీ తెలీదంటే నీ ఇల్లు ఏమైపోతుంది?"

ఊరందరికీ తన తండ్రి ముక్కుని చూపించి బేరం పెట్టింది తను. ఆ ముక్కుకి ఏమైందో ఇన్నాళ్ళలో ఒక్కసారైనా అడగలేదు. దారికో సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"మిగతా కాగులైనా ఉన్నాయి కదా," అంది చివరికి.

జుంబేర్ పెద్ద కాగు వైపు చూపించాడు. "ఈ చలికాలంలో మూతలకి మట్టి మెత్తే ముందు, వెలితి పడ్డ కాగులన్నిటినీ దీన్నుంచే తోడి నింపాను. దీంట్లోదే బాగా కుదిరిందనుకున్నాను."

ఎతేరి ఆ మాట విని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. జుంబేర్ మాత్రం లేచి, ఒక్కొక్క మూతా తీసి, సొరబుర్రతో ముంచి కూతురి ముందు పట్టాడు. దారికో వాసన చూసింది, తల అడ్డంగా ఊపింది. తర్వాతిదీ అంతే, దాని తర్వాతిదీ అంతే. అతను గరిటె వంక చూడటం లేదు, ఆమె మొహం వంకే చూస్తున్నాడు. గోడవార ఉన్న చిన్న కాగు దగ్గర ఆమె ఒక్క క్షణం తటపటాయించింది.

"అబద్ధం చెప్పకమ్మా. ఇంట్లో ఇప్పటికే చాలా పోగుపడ్డాయి."

"ఇందులోనూ ఉంది నాన్నా."

అతను తలూపి, మూత ఎప్పటిలాగే జాగ్రత్తగా జరిపాడు. అన్నీ పారబోయాలి. రాబోయే పంట వరకూ ఈ ఇంట్లో అతిథి ముందు పెట్టడానికి చుక్క లేదు. పంట వచ్చినా, బాగుందో లేదో చెప్పే మనిషి ఇక లేడు. దారికోకి బూజు పసిగట్టడం తప్ప ఆ చదువు ఎప్పుడూ పట్టలేదు. నేర్పించాల్సినవాడికి ఇప్పుడు చేతకాదు.

ఇద్దరూ కాగు గట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. జుంబేర్ కూతురి వైపు చూడకుండా అడిగాడు.

"ఒక్కటి చెప్తావా? నేను నొచ్చుకుంటానని మీ అమ్మ చెప్పదు. నా దగ్గర ముసలి కంపు వస్తోందా? జనంలోకి వెళ్ళాలంటే అదే భయం. నా సంగతి కూడా నాకు తెలీదు కదా."

అప్పుడు తగిలింది ఆమెకి. చవకబారు సెంటు, చొక్కా అంతా తడిసేలా పోసుకున్నట్టు ఘాటుగా. ఇన్నాళ్ళూ అది తగిలినప్పుడల్లా ముసలితనంలో షోకులేమిటని విసుక్కుని పక్కకి జరిగేది. దారికో ఈసారి జరగలేదు. తండ్రి భుజం మీద మొహం ఆనించి ఏడ్చేసింది.

"కంపేం లేదు నాన్నా. సెంటే మరీ ఎక్కువైంది."

"అలాగా," అన్నాడు జుంబేర్. "ఎంత పొయ్యాలో రేపట్నుంచి నువ్వే చెప్పు."