మూల మడవని పుస్తకం

అద్దె పుస్తకాల షాపుకి వెళ్ళి తన పుస్తకాన్ని తానే అద్దెకు అడిగే రచయిత కన్నా దిక్కుమాలినవాడు రంగూన్ మొత్తంలో ఉండడు. ఆ జూన్ నెల సాయంత్రం ఆ దిక్కుమాలినవాణ్ణి నేనే.

బయట వాన. లోపల నేలనుంచి పైకప్పుదాకా పుస్తకాలు. కౌంటర్ వెనక చెంపల మీద గుండ్రంగా గంధం రాసుకున్న అమ్మాయి ఏదో పుస్తకానికి అట్ట వేస్తోంది. నా రెండో డిటెక్టివ్ నవల చూపించి, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"ఇది ఎలా ఉంటుందండీ?"

"నిద్ర పట్టనివాళ్ళకి ఇస్తుంటాం" అంది తలెత్తకుండా.

తల కొట్టేసినట్టయింది. అయినా పేజీలు తిప్పాను. ముప్ఫై ఏడో పేజీ అంచున ఎవరో పెన్సిల్‌తో 'డ్రైవరే చంపాడు, ఇక చదవక్కర్లేదు' అని రాసి పెట్టారు. ఇలా రాస్తుంటే చెరపరా అని కాస్త గట్టిగానే అడిగాను.

"మంచి పుస్తకాల్లో రాస్తే చెరిపేస్తాను. దీంట్లో మాత్రం పాఠకుల మీద జాలితో ఉంచేశాను."

అప్పుడు తలెత్తింది. నా ముఖం చూసింది. పుస్తకం తిరగేసి వెనక అట్ట మీద ఫోటో చూసింది. మళ్ళీ నా ముఖం చూసింది.

"ఫోటోలో మీసం ఉంది" అంది.

"తీసేశాను."

"తీసేయాల్సింది మీసం కాదు సయా, ఐదో అధ్యాయం."

సయా అంటే గురువుగారూ అని. మా దగ్గర బడిపంతుల్నీ, రచయితనీ అలాగే పిలుస్తారు. అంతగా గౌరవిస్తూ అంతగా పరువు తీయడం నేనెక్కడా చూడలేదు. విసురుగా బయటికి నడిచాను. వీధి మలుపుదాకా తడిశాక గుర్తొచ్చింది, గొడుగు అక్కడే వదిలేశానని. మా నాన్న పాథెయిన్‌లో గొడుగులు చేసే మనిషి. ఆయన కొడుకు వానలో తడుస్తూ ఇంటికి చేరాడంటే ఊళ్ళో నవ్విపోతారు.

మర్నాడు గొడుగు కోసం వెళ్ళాను. గొడుగు కోసమే అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ అమ్మాయి పేరు సాందా. అమ్మానాన్నలు లేని పిల్లని తాతే పెంచాడు. షాపు ఆయనదే. కిళ్ళీ నములుతూ పడక్కుర్చీలో కూర్చునే ఆ తాత పేరు ఊ తున్ షేన్. ఎదురుగా నిలబడ్డ నాకు గొడుగు ఇస్తూ సాందా, నిన్న కాస్త ఎక్కువ మాట్లాడాను, తాత కోప్పడ్డాడు, క్షమించమంది. ఆ మెత్తని మాటకి నా గుండెలో ఉన్నది కాస్తా బయటపడిపోయింది. పబ్లిషర్ ఇక మూడో పుస్తకం ఒక్కటే వేస్తానన్నాడు. అది కూడా అద్దె షాపుల్లో కదలకపోతే నా గది ఖాళీ చేసి, పాథెయిన్ బస్సెక్కి, వెదురు ఊచలు చెక్కుకోవడమే. ఇదంతా చెప్పాను.

సాందా లోపలికి వెళ్ళి నా రెండు నవలలూ తెచ్చి ముందు పెట్టింది.

"మూలలు చూడండి."

మా పాఠకులకి పుస్తకంలో దారం పెట్టుకునే అలవాటు లేదు. ఎక్కడ ఆపితే అక్కడ పేజీ మూల మడిచేస్తారు. నా రెండో నవలలో మడతలు ఎక్కడపడితే అక్కడ లేవు. ఐదో అధ్యాయం మొదట్లో, తొమ్మిదిలో, పన్నెండులో. మడిచి మడిచి ఆ మూలలు ఊడొచ్చేలా ఉన్నాయి.

"ఈ మూడు చోట్లా మీ ఇన్‌స్పెక్టర్ టీ తాగుతూ ఆలోచిస్తున్నాడు" అంది. "ఆయన ఆలోచిస్తుంటే పాఠకుడు లేచి తనూ టీకి వెళ్తున్నాడు. కొందరు తిరిగి రావట్లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండేళ్ళుగా ఏ విమర్శకుడూ చెప్పని మాట చిరిగిన మూలలు చెప్పాయి.

ఆమె సొరుగులోంచి దళసరి కార్డుల కట్ట తీసింది. పుస్తకం ఎవరు ఎప్పుడు తీసుకెళ్ళారో రాసే కార్డులవి. నిండిపోయినవి మారుస్తారు. వెనకవైపు ఖాళీ. ఒక్కో సీన్‌కి ఒక్కో కార్డు తీసుకోమంది. ఈ సీన్‌లో మనిషికి ఏం కావాలో పైన రాయాలి. దానికి ఎవరు అడ్డో కింద రాయాలి. సీన్ అయ్యాక ఏం మారిందో రాయలేకపోతే కార్డు చింపేయాలి.

"సీన్ మొదట్లో తలుపు తెరిచి ఉంటే, చివరికి మూసుకోవాలి. మూసి ఉంటే తెరుచుకోవాలి. అలాగే ఉంటే ఎందుకు సయా రాయడం?"

కట్ట పైన ఉన్న కార్డుని ఒక్క క్షణం వేళ్ళతో పట్టుకుని, మళ్ళీ పైనే పెట్టి నా చేతికిచ్చింది. దీంతో మొదలుపెట్టమంది. ఏ కార్డుతో మొదలుపెడితే ఏముందని నేను అడగలేదు. డిటెక్టివ్ నవలలు రాసేవాణ్ణి, ఆ మాత్రం అనుమానం రావాల్సింది.

తర్వాత రోజూ వెళ్ళాను. నేను కార్డులు పరిచేవాణ్ణి, ఆమె ఒక్కొక్కటే చదివి "ఇందులో ఈయనకేం కావాలి?" అని అడిగేది. జవాబు రాకపోతే చించేది. మొదటి నెల చించినవే ఎక్కువ. నాకు కోపం వచ్చేది. వాన వచ్చేది. ఆమె నవ్వేది. ఏ రోజు ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

ఒకరోజు వీధిలో మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, అమ్మే డో ఓన్ పిన్ని రెండు వారాలు ఆలస్యంగా పుస్తకం తెచ్చింది. అది చూసి తాత పడక్కుర్చీలోంచి లేచాడు. అందులో చేపల పులుసు మరకలున్నాయన్నాడు. మరకలు ఆ పుస్తకానికి అందమేనంది పిన్ని. తన షాపులో ఇంట్లోవాళ్ళయినా సరే కార్డు మీద పేరు రాశాకే పుస్తకం తీస్తారని, తన మనవరాలికి కూడా మినహాయింపు లేదని, ఈవిడ మాత్రం అడక్కుండా ఎత్తుకుపోతుందని ఆయన వీధంతా వినేలా చెప్పాడు. అయితే మనవరాలు ఏమేం చదువుతోందో కాస్త చూసుకోమని ఆవిడ ఎదురు దెప్పింది. నేను కడుపుబ్బ నవ్వుకున్నాను.

ఆవిడ వెళ్ళాక సాందా నన్ను అడిగింది. "పిన్ని బుట్టలో ఏముంది?"

"అరటిదూట."

"దాని కింద?"

తెలీదన్నాను.

"మన పుస్తకం ఇంకొకటి. దూట కిందనుంచి అంచు కనిపిస్తూనే ఉంది. మీరు గొడవ చూస్తున్నారు కాబట్టి కనపళ్ళేదు. ఆధారాన్ని దాచడం అంటే చీకట్లో పెట్టడం కాదు సయా. అందరూ ఇంకోవైపు చూస్తున్నప్పుడు వెలుగులో పెట్టడం."

ఆ రాత్రి ఇంటికి పోయి కొత్త నవలలో పన్నెండో అధ్యాయం మొత్తం తిరగరాశాను. టీ తాగడం పోయింది. అక్కాచెల్లెళ్ళు తల్లి గాజుల కోసం పోట్లాడుకునే సీన్ వచ్చింది. ఆ పోట్లాట మధ్యలో చెల్లెలు తడి చెప్పులు విడిచి లోపలికి వస్తుంది. హత్య జరిగిన ఊళ్ళో తప్ప ఆ రోజు ఎక్కడా వాన లేదు. నేను అంతకుముందు అలాంటిది రాయలేదు.

అప్పుడే మనసులో మాట ఒకటి గట్టిగా అనుకున్నాను. ఈ పుస్తకం నిలబడితే సాందాని అడగాలి. నిలబడకపోతే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాలి. ఓడిపోయిన రచయితకి పిల్లనిమ్మని అడిగే ముఖం ఎక్కడుంటుంది?

చలికాలానికి రాతప్రతి ఇచ్చాను. ముద్రణ అయ్యేసరికి మళ్ళీ వానలు వచ్చాయి. ఆగస్టులో పుస్తకం షాపుకి చేరింది. చేరిన రోజే ముగ్గురు వరసలో నిలబడ్డారని సాందా కబురు పంపింది. నాకు మాత్రం ఆ వైపు వెళ్ళే ధైర్యం లేకపోయింది. నెల తర్వాత వెళ్ళాను. ఆమె పుస్తకం నా ముందు పెట్టింది.

మూలలు చూశాను. మొదటినుంచి చివరిదాకా ఒక్క మడత లేదు. ఇరవై మంది చదివారు, ఇరవై మందీ ఎక్కడా ఆపలేదు. నలభై ఒకటో పేజీ అంచున పెన్సిల్ రాత కనిపించి గుండె ఆగినంత పనైంది. దగ్గరగా చూశాను. 'ఎవరో నాకు తెలుసు. చెప్పను' అని ఉంది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల పక్కకి తిప్పుకున్నాను. సాందా కూడా అటు తిరిగి అట్టలు సర్దుతోంది. ఆ అట్టలు ముందే సర్ది ఉన్నాయి.

అడగాల్సిన మాట ఆ రోజే అడిగి ఉండాల్సింది. పబ్లిషర్ నాలుగో పుస్తకం గురించి అడిగాడని, ఇక గది ఖాళీ చేయక్కర్లేదని ఏదేదో వాగి వచ్చేశాను. మూడు వారాలు అలాగే పోయాయి. దీపాల పున్నమి వచ్చింది.

మూడు నెలల వానాకాల వ్రతం ముగిసే పున్నమి అది. ఆ పండక్కి పెద్దలకీ, గురువులకీ పండ్లూ కొత్తబట్టా తీసుకెళ్ళి మోకరిల్లి మూడుసార్లు దణ్ణం పెడతాం. నాకు తళుక్కున ఆలోచన వచ్చింది. నాకు రాయడం నేర్పింది ఎవరు? సాందా. నా కన్నా మూడేళ్ళు చిన్నదైతే మాత్రం, గురువు గురువే. ముందు దణ్ణం పెట్టి ఋణం తీర్చుకుని, ఆ తర్వాత నెమ్మదిగా అసలు సంగతి ఎత్తొచ్చు. కార్డు మీద సీన్ రాసుకున్నాను కూడా.

వీధంతా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. బుట్టలో ఆపిల్ పండ్లు, ఆడవాళ్ళు కట్టే పట్టు లుంగీ ఒకటి, రంగు దారంతో కట్టిన ఆ పాత కార్డుల కట్ట. సాందా కౌంటర్ ముందు కూర్చుని ఉంది. వెనక తాత. నేను చెప్పులు విడిచి, బుట్ట ముందుపెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించాను.

"ఏం చేస్తున్నారు?"

"గురువుగారికి దణ్ణం" అన్నాను.

ఆమె ముఖంలో వెలుగు పోయింది. చటుక్కున లేచి పక్కకి జరిగింది. నేను నాలుక కరుచుకున్నాను. ఏం తప్పు చేశానో మాత్రం అర్థం కాలేదు.

"మనిషి వచ్చాడు, పండ్లు పెట్టాడు, థాంక్స్ చెప్పాడు, వెళ్ళిపోయాడు" అంది. "ఏడాది నేర్పితే నేర్చుకున్న సీన్ ఇదేనా?"

"కృతజ్ఞత చెప్పాలని..."

"చెప్పేశారు. ఇంకా మోకాళ్ళ మీదే ఎందుకున్నారు? ఈ సీన్‌లో మీకేం కావాలి?"

తాత కిళ్ళీ నమలడం ఆపేశాడు.

"నేను మీ దణ్ణం అందుకున్నాననుకోండి, మీకు గురువునైపోతాను" అంది సాందా. "ఆ తర్వాత నన్ను ఇంకేం అడగడానికీ ఉండదు. అది ఆలోచించారా?"

ఆలోచించలేదు. నూట అరవై పేజీల్లో హంతకుణ్ణి దాచగలిగినవాడికి ఆ చిన్న సంగతి తట్టలేదు.

"మొదటి కార్డు తీయండి. రాసినవైపు కాదు. తిరగేయండి."

దారం విప్పాను. ఏడాదిపాటు నా సంచిలో తిరిగిన కార్డు. ఒకవైపు నా మొదటి సీన్. రెండోవైపు పైన నా మొట్టమొదటి నవల పేరు. దాని కింద వరసగా తేదీలు, ప్రతి తేదీ పక్కనా ఒకే చేతిరాత, ఒకే పేరు. సాందా. సాందా. సాందా. లెక్కపెడితే ఏడుసార్లు. మొదటి తేదీ నేను ఈ షాపు గుమ్మం తొక్కడానికి రెండేళ్ళ ముందుది. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"అది కూడా నిద్ర రాకేనా?" అన్నాను.

"సీన్లు బాగోలేవు. మనిషి బాగున్నాడు. మూడో పేజీలో ఒక గొడుగులాయన తన గొడుగు దారినపోయే ముసలమ్మకిచ్చేసి తడుస్తూ పోతాడు. కథకి ఆయనతో పనే లేదు. అయినా రాశారు. అలాంటివాణ్ణి రాసిన చెయ్యి ఎలా ఉంటుందా అనుకునేదాన్ని."

ఆ గొడుగులాయన మా నాన్న. అప్పటిదాకా ఎవరూ ఆయన్ని గమనించలేదు. ఇక దాచుకోవడానికి నా దగ్గరేమీ మిగల్లేదు.

"నాకు నువ్వు కావాలి సాందా" అన్నాను. "అడ్డు ఎవరూ లేరు, నా పిరికితనం తప్ప. నాకు తిండి పెట్టే పని నువ్వే నిలబెట్టావు. అందుకని అడగట్లేదు. రోజూ నిన్ను చూడకపోతే నాకు తోచదు. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

సాందా వచ్చి నా పక్కన నేల మీద మోకరిల్లింది. పండ్ల బుట్టని రెండు చేతులతో తాత వైపు జరిపింది.

"తాతా, మా ఇద్దరి దణ్ణం నీకే" అంది.

తాత మా ఇద్దర్నీ చూశాడు. కళ్ళు తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఆ కార్డు నిండినరోజే నాకు తెలుసురా అబ్బాయ్, ఎప్పటికైనా నువ్వొస్తావని" అన్నాడు. "ఇంత ఆలస్యమని తెలీలేదు. చల్లగా ఉండండి. వ్రతం ముగిసింది, ఇక పెళ్ళిళ్ళకి అడ్డు లేదు. మీ నాన్నకి కబురు పంపు."

ఇద్దరం కలిసి తల వంచాం. మొదటి దణ్ణం తాతకి పెట్టాను. రెండోది పాథెయిన్‌లో వెదురు చెక్కుతున్న నాన్నకి. మూడోసారి వంగినప్పుడు, ఆమె తల నేలకి ఆనించి ఉంది కదా అని, జోడించిన నా చేతులు కాస్త ఆమె వైపు తిప్పాను.

"చూశాను, సయా" అంది సాందా, తలెత్తకుండానే.